మంచం కింద తూటాలు

నవంబర్ 3, సోమవారం

డైరీ కొత్తది. మామాకు, అంటే ఈ కువైట్ ఇంటి యజమానమ్మకు, బ్యాంకు వాళ్ళు ఇస్తే నాకు పడేసింది. అరబ్బీ డైరీ, కుడి పక్క నుంచి తెరవాలి. నేను మన పద్ధతిలో ఎడమ నుంచి తెరిచి రాస్తున్నా. అచ్చేసిన తేదీ డిసెంబర్ 31 అని ఉంది. కొట్టేసి నాది వేసుకున్నా.

ఎవరికోసం రాయడం అంటే ఎవరికీ కాదు. రోజంతా అరబ్బీలో జెన్ మామా, జెన్ బాబా, అంటే సరే అమ్మగారూ సరే అయ్యగారూ, అని అని మధ్యాహ్నానికే నా నోరు నాది కాకుండా పోతోంది. ఇక్కడ కాసేపు తెలుగులో ఉంటా.

ఈరోజు విశేషం ఒకటే. గౌస్ కారు డిక్కీలోంచి పన్నెండు అట్టపెట్టెలు దించాడు. మహమ్మద్ గౌస్ ఈ ఇంటి డ్రైవర్, మా కడప మనిషే. ఖర్జూరాలేమో అనుకుని ఒకటి ఎత్తబోతే భుజం లాగేసింది. మెల్లగా అక్కా, అయి తూటాలు అన్నాడు.

బాబాకు వేట పిచ్చి. చలికాలం వస్తే కబ్ద్‌లో ఉన్న తోటకు పోయి పిట్టల్ని కొట్టి తెస్తాడు. కడిగేది నేను. ఒక్కో పిట్టలో నాలుగైదు సీసం గుళ్ళు ఉంటాయి, వేలితో ఏరి తీయాలి. ఏడాదికి రెండు పెట్టెల తూటాలు తెస్తే ఎక్కువ. పన్నెండు ఎందుకో అడగలేదు. అడిగేది నా డ్యూటీలో లేదు.

నవంబర్ 4, మంగళవారం. మధ్యాహ్నం 3

గౌస్ చెప్పాడు. వచ్చే నెల నుంచి తుపాకుల మీద కొత్త రూలు వస్తుందని అందరి ఫోన్లలో మెసేజ్ తిరుగుతోందంట. మనిషికి ఇన్నే తూటాలు అని లెక్క కడతారంట. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో దొరికితే జైలేనంట. ఇళ్ళు కూడా వెతుకుతారంట. ఎవరు చెప్పారు అంటే ఎవరికీ తెలీదు. అంతా అంట, అంట.

వేట సామాన్ల అంగడి ముందర నిన్న పొద్దున్నే కార్ల లైను పడిందంట. పెద్ద పెద్ద ఇళ్ళ మగవాళ్ళు మన రేషను షాపు ముందర ఆడోళ్ళు తోసుకున్నట్టు తోసుకున్నారక్కా, నాకు నవ్వొచ్చి కారులోనే కూర్చున్నా అన్నాడు. మధ్యాహ్నం అసర్ నమాజు వేళకు అలమరాలు ఖాళీ. బాబాకు దొరికింది దొరికినట్టు ఎత్తుకున్నాడు. ఆయన తుపాకికి సరిపోని సైజు కూడా తెచ్చాడంట.

కరోనాలో మామా మెట్ల కింద నింపిన టిష్యూ రోళ్ళు గుర్తుకొచ్చాయి, నేను వచ్చాక కూడా ఏడాది వాడాం. మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు బాగానే దొరికారు.

గంగాదేవి ఫోన్ చేసింది. నా కూతురు. ఎనిమిదో నెల. డాక్టరమ్మ డిసెంబర్ ఆఖరన్నదంట. పెళ్ళి ఫోన్లో చూస్తివి, పురుడు కూడా ఫోన్లోనే చూస్తావా మా అని అడిగింది. డిసెంబర్ పదిహేనుకు నా అగ్రిమెంటు అయిపోతుంది, వస్తా అన్నా. తప్పకుండా అన్నా. ఈ తప్పకుండా నేను ముందు కూడా అన్నదే.

నవంబర్ 5, బుధవారం

ఇంకో తొమ్మిది పెట్టెలు, వేరే అంగడివి.

నవంబర్ 7, శుక్రవారం

పెట్టెలు స్టోర్ రూములో పెడితే మామా ఒప్పుకోలేదు. నా బిస్కెట్ల పక్కన అవేంది అని గొడవ. బాబా కారు షెడ్డులో పెడదామన్నాడు. వాళ్ళ పెద్ద కొడుకు బదర్ వద్దన్నాడు. వెతికేవాళ్ళు ముందు అక్కడే చూస్తారంట. ముప్పై ఏళ్ళవాడు, ఆఫీసులో కూర్చుని కాగితాలు చూసే ఉద్యోగం. మనిషికన్నా వాడి మాట నిదానం.

చివరికి ముగ్గురూ తల పైకెత్తి చూశారు. పైన మిద్దె మీద, బట్టలు ఉతికే మిషన్ పక్కన ఉండేది నా రూము. ఖద్దామా రూములో ఎవరు వెతుకుతారు అన్నాడు బదర్. ఖద్దామా అంటే పనిమనిషి. నా ముందరే అన్నాడు. నేను అక్కడే ప్లేట్లు తుడుస్తున్నా.

గౌస్, నేను కలిసి మోశాం. ఇరవై ఒక్క పెట్టె, ఒక పొడుగాటి సంచి. సంచిలో ఏముందో ఇద్దరమూ అడక్కుండానే మోశాం, పట్టుకుంటేనే తెలుస్తోంది. మంచం కింద పదమూడు పట్టాయి. మిగిలినవి గోడకు ఆనించాం. సంచి బీరువా వెనక.

నవంబర్ 8, శనివారం

నా రూములో ఏసీ చెడిపోయి రెండు ఎండాకాలాలు అయింది. అడిగాను, అడిగాను, మానుకున్నాను. జూలైలో తడి దుప్పటి కప్పుకుని పడుకున్నదాన్ని.

ఈరోజు కొత్త స్ప్లిట్ ఏసీ వచ్చింది. రెండు గంటల్లో బిగించి పోయారు. ఈ ఇల్లు ఫింటాస్‌లో, సముద్రం దగ్గర కదా, గాలిలో చెమ్మకు తూటాలు పాడవుతాయంట. ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉండాలని, రిమోట్ ముట్టుకోవద్దని బాబా చెప్పాడు.

నవంబర్ చలిలో ఏసీ వేసుకుని స్వెటర్ తొడుక్కుని రాస్తున్నా. కోపం రావాలి. కోపం కోసం కాసేపు చూశా. రాలేదు. స్వెటర్ మీద ఇంకో స్వెటర్ వేసుకున్నా.

నవంబర్ 12, బుధవారం

పెట్టెలు అలవాటయ్యాయి. గోడకున్న ఎనిమిదీ టేబుల్ ఎత్తుకు సరిపోయాయి. వాటి మీదే తింటున్నా, వాటి మీదే ఇస్త్రీ. పైన వెంకటేశ్వరస్వామి పటం పెట్టి మళ్ళీ తీసేశా. ఆయన్ని ఎందుకు ఇరికించడం.

వంకాయలు కోస్తుంటే మామా వచ్చి కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు. ఇరాక్ వాళ్ళు వచ్చిన ఏడాది సంగతి చెప్పింది. అప్పుడు బాబాకు పద్నాలుగేళ్ళు. ఇంట్లో ఒక్క తుపాకీ లేదంట. సైనికులు వచ్చి బాబా వాళ్ళ అన్నను చెప్పులు కూడా వేసుకోనీకుండా తీసుకుపోయారంట. ఈ రోజు వరకూ మనిషి లేడు, ఎముక లేదు. తుపాకి ఇచ్చెయ్యాలి, తూటా దొరకదు అని ఎవరన్నా అంటే బాబా పసిపిల్లాడైపోతాడు, నువ్వేమనుకోవద్దు కలా అంది. వీళ్ళ నోట్లో నా పేరు కళావతి ఎప్పుడూ కలాతోనే ఆగిపోతుంది.

పాపం అనిపించింది. నిజంగానే. మామా ఏడుస్తుంటే నేను ఉల్లిగడ్డలు ముందుకు జరిపాను, చూసేవాళ్ళు వాటివల్ల అనుకుంటారని.

కానీ ఆయన భయం నా మంచం కింద ఎందుకుండాలో అది మటుకు అర్థం కాలేదు.

నవంబర్ 16, ఆదివారం

బదర్ ఒక కాగితం తెచ్చాడు. టైపు చేసిన అరబ్బీ, ఆరు వరసలు. కింద నా సివిల్ ఐడీ నంబరు. సంతకం పెట్టు అన్నాడు. ఏందని అడిగితే రూము కాగితం అన్నాడు. పెట్టాను.

ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళలో ఎన్ని అరబ్బీ కాగితాల మీద సంతకం పెట్టానో. మెడికల్‌కు, వేలిముద్రకు, ఇక్కడ ఉండే పర్మిట్టు ఇఖామాకు, జీతం ముట్టిందని, ఫోను సిమ్ముకు. ఒక్కటి కూడా చదవలేదు. వేలు పెట్టి చూపిస్తారు, అక్కడ పెడతాం. మనందరం అంతే. ఇంటర్ పాసైన నేనూ అంతే, అక్షరం రానివాళ్ళూ అంతే.

ఏ కాగితమైనా ఫోటో తీసి పెట్టుకో అక్కా అని గౌస్ ఎప్పుడో చెప్పాడు. బదర్ పెన్ను మూత వెతుక్కుంటుంటే తీశాను. ఎందుకు తీశానో నాకే తెలీదు, చెయ్యి తీసింది.

నవంబర్ 21, శుక్రవారం. సాయంత్రం 5

రజియా బీ అక్కను కలిశా. మా రాయచోటి ఆమే. రెండు వీధుల అవతల ఇంట్లో వంటమనిషి. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరికీ సెలవు. సముద్రం పక్క పార్కులో కూర్చుంటాం. ఆమె ఓళిగలు తెచ్చింది, నేను మిరపకాయ బజ్జీలు.

ఆమె రావడమే ఒక వార్తతో వచ్చింది. కబ్ద్‌లో గొర్రెలు కాసే ఒక సూడాన్ మనిషి షెడ్డులో తుపాకి దొరికిందంట. నాది కాదు, నా కఫీల్‌ది, పని ఇచ్చిన యజమానిది అని మొత్తుకున్నాడంట. నువ్వు పడుకునే చోట దొరికితే నీది కాక ఎవరిది అన్నారంట. పదిహేను రోజులైంది, ఎక్కడున్నాడో తెలీదంట. పాపం వాడికి అక్కడ ఎవరున్నారమ్మే అని అక్క తల పట్టుకుంది.

నేను ఫోను తీసి ఫోటో చూపించా.

అక్క చిన్నప్పుడే ఖురాన్ చదవడం నేర్చుకుంది. అరబ్బీ అక్షరాలు గడగడా చదువుతుంది, అర్థం మటుకు తెలీదు. నాకు ఒక్క అక్షరం రాదు, కానీ నాలుగేళ్ళుగా మామా చెప్పింది వింటున్నా, చెవిన పడితే సగం తెలుస్తుంది. కాబట్టి ఆమె పైకి చదవాలి, నేను వినాలి. ఇద్దరం కలిస్తే ఒక చదువుకున్న మనిషి.

మొదట కుదరలేదు. ఖురాన్‌లో అయితే అక్షరాల పైనా కిందా గుర్తులుంటాయంట, ఈ కాగితంలో లేవు, బోడి అక్షరాలే అని విసుక్కుంది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మొదటి వరసలో నా పేరు. తర్వాత సందూఖ్ అని ఏదో వచ్చింది. పెట్టె అనే కదా, మా ఉర్దూలోనూ అంతే అని అక్కే చెప్పింది. తర్వాత గుర్ఫతీ. అది నాకు తెలుసు, నా గది. తర్వాత సిలాహ్. అది మామా చూసే టీవీ వార్తల్లో రోజూ వస్తుంది, ఆయుధాలు. తర్వాత నావి అనే మాట. చివరి వరసలో కఫీలీ. దాని ముందర ఇల్మ్. ఇల్మ్ అంటే తెలివిడి, తెలిసి ఉండటం అంది అక్క. దాని ముందర లా. లా అంటే లేదు అని పుట్టిన పిల్లకు కూడా తెలుసు.

వరసగా పేర్చుకున్నాం. కళావతి అనే నేను. పెట్టెలు. నా గదిలో. ఆయుధాలు. నావి. నా కఫీల్‌కు తెలియదు.

అక్క చేతిలో ఓళిగ అట్లాగే ఉండిపోయింది. నా చేతిలో బజ్జీ నేను తినేశాను. ఉప్పు తక్కువైంది.

ఎంబసీకి పోదాం పా, ఇప్పుడే పోదాం, ఏం మనిషివే నువ్వు బండరాయి మాదిరి కూర్చున్నావు అని అక్క అరిచింది. ఎంబసీకి పోతే షెల్టర్లో పెడతారు. మామా వాళ్ళు పారిపోయిందని కేసు పెడతారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర. మా ఊరి రెడ్డెమ్మ అట్లా పోయి తొమ్మిది నెలలు కూర్చుంది. నాకు నెల కూడా లేదు. గంగాదేవికి నెల మీద ఒక వారం. ఇదే చెప్పా. అక్క మిగిలిన ఓళిగలు నా సంచిలో పెట్టేసింది.

నవంబర్ 22, శనివారం

పడుకుని మంచం కిందికి చెయ్యి పెడితే పెట్టె మూల తగులుతుంది. చెయ్యి తీయలేదు.

నవంబర్ 25, మంగళవారం

బాబా టీ తాగుతుంటే అడిగా. బాబా, పెట్టెలు కబ్ద్ తోటకు పంపండి, నా రూములో చోటు లేదు. చోటు అన్నాను, భయం అనలేదు. ఆయన నవ్వాడు. ఇప్పుడు కబ్ద్‌లోనే ఎక్కువ చూస్తున్నారు, ఇక్కడైతే సేఫ్ అన్నాడు. ఎవరికి సేఫ్ అని నా అరబ్బీలో అడగొచ్చు, ఆ మాత్రం వచ్చు. అడగలేదు. ఏసీ బాగా పనిచేస్తోందా అని ఆయనే అడిగాడు. బాగుంది బాబా అన్నా.

నవంబర్ 29, శనివారం

మామాతో మాట్లాడా. టికెట్ సంగతి అని మొదలుపెట్టి, మామా ఆ కాగితం అని ఆపేశా. ఆమె ముఖం చూస్తే అంతా తెలిసే ఉందని అర్థమైంది. సిగ్గుపడింది కూడా. తర్వాత కూరగాయల బేరం మాదిరి నిదానంగా చెప్పింది.

బదర్ ఒప్పుకోడంట. పెట్టెలు ఉన్నంతకాలం ఎవరో ఒకరి పేరు ఉండాలంట. నీ బదులు కొత్తమ్మాయి వస్తోంది, ఆంధ్రానే, నీ జిల్లానే. ఆమె వచ్చి సంతకం పెట్టిన రోజు నీ కాగితం నీ ముందరే చింపేస్తా, పాస్‌పోర్టు చేతికిస్తా, వల్లా, దేవుడి మీద ఒట్టు అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆ అమ్మాయికి అరబ్బీ రాదు, నువ్వే నీ భాషలో చెప్పాలి అంది.

జెన్ మామా అన్నా. తర్వాత బాత్రూములు కడిగా, నాలుగూ.

డిసెంబర్ 4, గురువారం

గౌస్ పగలబడి నవ్వుకుంటూ వచ్చాడు. రూలూ లేదు గీలూ లేదంటక్కా, ఎవడో పుట్టించిన మెసేజ్ అంట. అంగడిలో అలమరాలు మళ్ళీ నిండిపోయాయంట. కొన్నవాళ్ళు వెనక్కి తీసుకోమని గొడవంట.

గబగబా మెట్లెక్కి రూములోకి వచ్చి నిలబడ్డా. పెట్టెలు పోతాయనుకున్నా. ఎవరైనా వస్తారని సాయంత్రం దాకా చెవి అటే వేసి బట్టలు మడతపెట్టా.

డిసెంబర్ 6, శనివారం

ఎవరూ రాలేదు. భోజనాల దగ్గర బదర్ అన్నది విన్నా. ఈసారి కాకపోతే వచ్చే ఏడాది వస్తుంది రూలు, ఉండనీ అన్నాడు. బీరువా వెనక సంచిలోని తుపాకికి రూలు కొత్తదైనా పాతదైనా ఒకటే, దానికి లైసెన్సు లేదు. రజియా అక్క చెప్పిన ఆ సూడాన్ మనిషి సంగతి అడిగా గౌస్‌ని. ఇంకా రాలేదంట.

డిసెంబర్ 9, మంగళవారం

గంగాదేవికి కాళ్ళు వాచాయంట. ఫోటో పంపింది. నా కాళ్ళే అనుకున్నా ఒక క్షణం.

డిసెంబర్ 13, శనివారం

అంకాలమ్మ వచ్చింది. ఇరవై ఆరేళ్ళు. రైల్వే కోడూరు పక్క పల్లె. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన చీరతోనే నిలబడి, నన్ను చూసి తెలుగు వినగానే ఏడ్చేసింది. అక్కా నువ్వుండావు, నాకింగ భయం లేదు అంది. నేనుండేది నాలుగు రోజులు అని చెప్పా. నాలుగు రోజులైనా చాలక్కా అంది.

రూము చూసి మురిసిపోయింది. ఏసీ ఉండాదే, మా ఊర్లో ఎమ్మార్వోకు కూడా లేదు అంది. పెట్టెల్లో ఏందక్కా అని అడిగింది. బాబావి అన్నా. నిజమే కదా.

మంచం ఆమెకిచ్చి నేను కింద పడుకున్నా. వద్దంటే వద్దని పోట్లాడింది. అత్తగారింటికి వచ్చిన కొత్తకోడలి మాదిరి అన్నిటికీ నా ముఖమే చూస్తోంది.

డిసెంబర్ 14, ఆదివారం

వాషింగ్ మిషన్ నేర్పించా. ఏ బటన్ ఏందో స్టిక్కర్ల మీద తెలుగులో రాసి అంటించా. మామాకు టీలో చక్కెర ఎంత, బాబాకు కోపం ఎప్పుడొస్తుంది, బదర్ వస్తే తలుపు దగ్గర ఎట్లా నిలబడాలి, అన్నీ చెప్పా. అన్నీ అంటే ఒకటి తప్ప.

రజియా అక్క ఫోన్ చేసింది. ఏం చేయబోతున్నావే అని అడిగింది. సిగ్నల్ లేదు అని పెట్టేశా.

డిసెంబర్ 15, సోమవారం. ఉదయం 11

రాసేస్తా. రాయకపోతే జరగలేదనుకుంటానేమో.

వంటింటి టేబుల్ దగ్గర బదర్, మామా, అంకాలమ్మ, నేను. అదే ఆరు వరసల కాగితం, నా పేరు ఉండేచోట ఆమె పేరు. పక్కన నా పాత కాగితం. దాని మీద నా పాస్‌పోర్టు, బరువుకు పెట్టినట్టు. బదర్ వేలు పెట్టి చూపించాడు. అంకాలమ్మ పెన్ను పట్టుకుని ఆగింది. నేను ఆగలేదు ఆ రోజు. ఆమె ఆగింది. నా వైపు తిరిగి ఏముందక్కా దీంట్లో అని అడిగింది.

నలుగురిలో ఆ కాగితం ఏందో తెలిసి, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పగలిగేది నేనొక్కదాన్నే.

రూము కాగితం అన్నా. ఇక్కడ అందరూ పెట్టేదే అన్నా. నేనూ పెట్టినా అన్నా.

మూడు మాటలు. ఒక్కటీ అబద్ధం కాదు.

ఆమె పెట్టింది. నా మాదిరి గీకెయ్యలేదు. ఇంటిపేరు, ఊరు పేరు, తండ్రి పేరు, అన్నీ గుండ్రంగా, బడిలో పరీక్ష రాసినట్టు. నాలుక బయటపెట్టి రాసింది. అయిపోయాక, బాగుందాక్కా నా రాత అని అడిగింది. బాగుంది అన్నా.

మామా నా కాగితం చింపింది, రెండుగా, నాలుగుగా. నన్ను కౌగిలించుకుంది. బదర్ కొత్త కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని పోయాడు. నేను పొయ్యి మీద పాలు చూసుకున్నా. పొంగలేదు.

డిసెంబర్ 17, బుధవారం. మధ్యాహ్నం 2, ఎయిర్‌పోర్టు

గౌస్ దింపిపోయాడు.  సామాను దించి, అక్కా అని ఏదో అనబోయి, ఇన్షా అల్లా అంతా మంచే జరుగుతాది అన్నాడు. ఎవరికో చెప్పలేదు.

అంకాలమ్మ గేటు దాకా వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. పాదాలు వెనక్కి తీసుకోబోయా. అప్పటికే పట్టుకుంది.

మూడుసార్లు ఫోను తీశా. పార్కులో రజియా అక్క నా కాగితం చదివినట్టు అంకాలమ్మ కాగితం కూడా ఎవరన్నా చదవాలి కదా. ఆమె నంబరు రజియా అక్కకు పంపిద్దామని టైపు చేశా. పంపితే అక్క ఊరుకోదు, ఎంబసీ అంటుంది. గొడవ అవుతుంది. గొడవయితే మళ్ళీ కాగితంలో నా పేరు వెతుకుతారు. విమానం ఎక్కేదాకా ఆగుదాం అనుకున్నా. బోర్డింగ్ పిలిచారు.

డిసెంబర్ 18, గురువారం. రాయచోటి

దిగాక పంపొచ్చు అనుకున్నా. దిగాను. కువైట్ సిమ్ము తీసేసి ఇక్కడి సిమ్ము వేసుకున్నా.

డిసెంబర్ 28, ఆదివారం

ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. నేను పక్కనే ఉన్నా, బొడ్డు కోసేటప్పుడు కూడా. పేరేం పెడదాం మా, నువ్వే చెప్పాల అని గంగాదేవి అడిగింది. అందరూ నా ముఖం చూస్తున్నారు. నా నోటికి ఒక్క పేరే వస్తోంది, ఆ కాగితం మీద గుండ్రంగా రాసిన పేరు, పదిరోజుల నుంచి. మీరే పెట్టుకోండి అన్నా.